అబ్బ తిట్టితినా? అబ్బా! తిట్టితినా?

సందేహం: అయ్యా, నమస్కారం. మాది శ్రీకాకుళం. మా వీధి రామమందిరంలో ఏటా శ్రీరామనవమి పందిట్లో భజన చేస్తాం. రామదాసు గారి 'ఇక్ష్వాకు కులతిలక' కీర్తన నేనే ఎత్తుకుంటాను. ఈ ఏడు మూడో తరగతి చదివే మా మనవడు పక్కన కూర్చుని తాళాలు వేశాడు. మరుసటి వారం బళ్ళో తన పెన్సిలు తీసుకున్న పిల్లాణ్ణి 'ఎవరబ్బ సొమ్మని తీశావు?' అని అడిగాడట. 'మీ అబ్బాయి క్లాసులో బూతులు మాట్లాడుతున్నాడు' అని టీచరు డైరీలో రాసి, సంతకం పెట్టి పంపమంది. వాణ్ణి మందలిస్తే 'నువ్వు మైకులో పాడితే తప్పు కాదు గానీ నేనంటే తప్పా నాన్నమ్మా?' అంటున్నాడు. నా దగ్గర జవాబు లేదు. అబ్బ అనడం బూతేనా? పాట చివర్లో 'అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా' అని వస్తుంది కదా, అది నొప్పికి అన్న అబ్బానా, తండ్రిని తిట్టడమా? మా మందిరంలో ఉన్న రెండు పుస్తకాల్లో ఒకదాంట్లో 'అబ్బ' అనీ, ఒకదాంట్లో 'అబ్బా' అనీ ఉంది. 'ఎవరబ్బ' సరా, 'ఎవడబ్బ' సరా? ఇంతకీ డైరీలో ఏం రాయమంటారు?

సమాధానం: అమ్మా, ముందు మీ మనవడికి నా పేరు చెప్పి ఒక బెల్లం ముక్క పెట్టండి. పాటలో విన్న మాటను గుర్తుపెట్టుకుని, సరైన చోట, సరైన మనిషి మీద వాడాడు. పెన్సిలు పోగొట్టుకున్నవాడు అలా అడక్క ఇంకెలా అడుగుతాడు? నాకు వచ్చే ఉత్తరాల్లో సగం 'ధన్యవాదాలు' అనాలా 'ధన్యవాదములు' అనాలా అన్నవే. మీ ఉత్తరం పుణ్యమా అని చాలా రోజులకు అటక మీంచి నిఘంటువులు కిందికి దించాను. రెండు తుమ్ములు కూడా వచ్చాయి.

బూతు కాదు. ఆ ఒక్క ముక్క చెప్పి ఊరుకోవచ్చు, కానీ ఊరుకోను.

అబ్బ అంటే తండ్రి. తమిళుల అప్పన్, కన్నడిగుల అప్ప, మన అప్ప, మన అబ్బ, వీటన్నిటినీ భాషాశాస్త్రజ్ఞులు ఒకే గూటికి చేర్చారు. పసివాడు పెదాలు కలిపి విప్పితే చాలు, ఈ మాట పుడుతుంది. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికో తమాషా ఉంది. మనకు అప్ప అంటే అక్క. 'మా అప్ప పాలకొండ నుంచి వచ్చింది' అంటే అక్క వచ్చిందని. అదే నోటితో సింహాచలం కొండమీది స్వామిని అప్పన్న అంటాం. అక్కడ అప్ప అక్క కాదు, తండ్రే. ఆ అప్పన్న పేరే అప్పారావు, అప్పలనాయుడు, అప్పలస్వామి, అప్పలనరసమ్మ అయి, ఇచ్ఛాపురం నుంచి అనకాపల్లి దాకా ఏ బడి హాజరుపట్టీ తిరగేసినా కనిపిస్తుంది. తండ్రిని పిలిచే మాట అక్క నెత్తికి ఎలా ఎక్కిందంటారా? ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరైనా సరే ఒకే గౌరవంతో పిలిచే అలవాటు నుంచి వచ్చి ఉంటుందని నా ఊహ. ఊహే సుమండీ, రేపు ఎక్కడో దీన్ని సిద్ధాంతమని రాయకండి. సీమ పల్లెల్లోనైతే అబ్బ అంటే తాత అనేవాళ్ళున్నారు. మాటకు వయసు మీదపడి తండ్రి కాస్తా తాతయ్యాడన్నమాట.

ఇప్పుడు టీచరమ్మ గారి వాక్యం చూడండి. 'మీ అబ్బాయి బూతులు మాట్లాడుతున్నాడు.' అమ్మ నుంచి అమ్మాయి, అబ్బ నుంచి అబ్బాయి. ఆవిడ బూతనుకున్న మాట ఆవిడ రాసిన వాక్యంలోనే, రెండో పదంలో, కాళ్ళు బారజాపుకుని కూర్చుంది! తెలుగువాళ్ళకు ముద్దొస్తే పిల్లల్ని పెద్దల వరసతో పిలుస్తారు. కొడుకును నాన్నా అంటాం, బాబూ అంటాం, అయ్యా అంటాం. కూతుర్ని అమ్మా అంటాం, తల్లీ అంటాం. అబ్బాయి కూడా ఆ వరసలోదే.

ముద్దొచ్చినప్పుడే కాదు, నొప్పొచ్చినప్పుడూ అంతే. అబ్బా! అమ్మా! అయ్యో! ఓర్నాయనో! బాబోయ్! వీటిని వ్యాకరణంలో ఆశ్చర్యార్థకాలనో మరొకటనో ఒక్క మాటలో దాటించేస్తారు. నిజానికి ఇవన్నీ కేకలు, మనుషుల్ని పిలిచే కేకలు. అయ్యోలో అయ్య ఉన్నాడు, నాయనోలో నాయన ఉన్నాడు. బాబోయ్‌లో ఉన్న బాబు ఎవరనుకున్నారు? మన పల్లెల్లో 'మా బాబు పొలం ఎల్నాడు' అంటే నాన్న పొలం వెళ్ళాడని కదా. కాబట్టి శ్రీకాకుళం మనిషి బాబోయ్ అన్నా, ఇంకో చోట మనిషి అబ్బా అన్నా, పిలిచింది తండ్రినే. పాతకాలపు కవులు 'అన్నన్నా!' అని అన్నను కూడా లాక్కొచ్చారు. తెలుగువాడికి దెబ్బ తగిలితే ఇంటిల్లిపాదీ రావలసిందే.

మొన్న విజయనగరం గంటస్తంభం దగ్గర ఒక పిల్లవాడు సైకిలు మీంచి పడ్డాడు. మోకాలు చెక్కుకుపోయి రక్తం కారుతోంది. వాడు 'ఔచ్' అన్నాడు. పక్కన పూలమ్ముకునే ఆవిడ 'ఓలమ్మో! బాబో!' అని బుట్ట వదిలేసి పరుగెత్తింది. పడింది వాడు, తెలుగులో ఏడ్చింది ఆవిడ. ఔచ్ అంటే ఎవరొస్తారు? ఏ వరసైన చుట్టం? కాన్వెంటు పిల్లలకు అదీ పాఠంలా నేర్పుతున్నట్టున్నారు.

మరి 'నీ అబ్బ' అంటే తిట్టు ఎందుకయిందని అడగొచ్చు. అందులో తిట్టు ఆ మాటలో లేదు, మింగేసిన మిగతా వాక్యంలో ఉంది. 'నీ అమ్మ' కూడా అంతే. అమ్మ బూతెలా అవుతుంది? తర్వాత వచ్చేది నోట్లో దాచుకుంటాడు కాబట్టి, దాచినదాని కంపు ముందున్న మాటకు అంటింది. 'ఎవరబ్బ సొమ్ము' అన్నప్పుడు మింగేసినదేమీ లేదు. వాక్యం పూర్తిగా బయటే ఉంది. ఇది ఎవరి తండ్రి ఆస్తి, ఎవరికి వారసత్వంగా వచ్చింది అని అడగడం. రెవెన్యూ కచేరీలో అడిగే ప్రశ్న.

ఆ మాట అడిగినాయన రెవెన్యూ ఉద్యోగే కదా! మనం రామదాసు అని పిలిచే కంచర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహసీల్దారు. గోల్కొండను ఏలిన చివరి కుతుబ్‌షా అబుల్ హసన్ తానీషా కాలం, అంటే 1672 - 1687 మధ్య. తానీషా దగ్గర మంత్రులైన అక్కన్న, మాదన్నలు గోపన్నకు మేనమామలు. వసూలైన శిస్తులో ఆరు లక్షలు తీసి భద్రాచలంలో గుడి కట్టించి, నగలు చేయించి, లెక్క అప్పజెప్పలేక గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు బందీగా ఉన్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆ కొట్టును ఇప్పటికీ యాత్రికులకు చూపిస్తారు. మన నరసన్నపేట ప్రాంతం వాడు గరిమెళ్ళ సత్యనారాయణ 'మా కొద్దీ తెల్ల దొరతనము' అని పాట రాసి జైలుకు వెళ్ళాడు. గోపన్న జైలుకు వెళ్ళి పాట కట్టాడు. రెండు దార్లూ మనకున్నాయి.

ఈ కీర్తనను అందరూ భక్తిగా పాడతారు. పాడండి, కాదనను. కానీ ఒకసారి తాళాలు పక్కన పెట్టి చదివి చూడండి. ఇది తహసీల్దారు సమర్పించిన జమాఖర్చుల పట్టీ. చుట్టూ ప్రాకారం చేయిస్తి, దానికి పట్టె పదివేల వరహాలు. సీతమ్మకు చింతాకు పతకం చేయిస్తి, దానికి పట్టె పదివేల వరహాలు. భరతుడికి పచ్చల పతకం, లక్ష్మణుడికి ముత్యాల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు. పుస్తకాల్లో ఈ పద్దులు కొంచెం అటూ ఇటూ మారతాయి గానీ మొత్తం మాత్రం మారదు, దేనికి చూసినా పదివేలే! ప్రాకారానికీ పదివేలే, మొలతాడుకూ పదివేలే. ఇప్పటి ఆడిటరైతే అక్కడే పట్టుకునేవాడు. అణాపైసలతో సహా లెక్క రాసిన చెయ్యి చీకటి కొట్లో కూర్చుని గుండు సున్నాలు పెడుతోంది. కాగితాలు దగ్గర లేవు కాబోలు.

ఇందులో 'పట్టె' అన్న క్రియ చూశారా? మా అమ్మ కూడా 'ఈ చీరకు ఎంత పట్టింది?' అనే అడిగేది. ఇప్పుడు పట్టడం టైముకే మిగిలింది. డబ్బుకు 'కాస్ట్ పడింది' అంటున్నారు. చేయిస్తిని అనక 'చేయిస్తి' అనడం కూడా అంతే, నోటి మాట. దాశరథీ శతకంలో వృత్తాలు నడిపి, సంస్కృత సమాసాలు పొంగించిన మనిషే ఇక్కడ చేయిస్తి, కట్టిస్తి అంటున్నాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు మన పర్వతాలపేటలో పుట్టింది 1863లో. అంతకు నూట ఎనభై ఏళ్ళ ముందే వాడుక భాష జైల్లో ప్యాసయింది.

ఇంకో మాట దగ్గర ఆగకుండా పోలేను. కీర్తనలో రాముడికి చేయించిన 'కలికితురాయి'. కలికి అంటే అందగత్తె కాబట్టి అందమైన తురాయి అని అర్థం చెప్పే వ్యాఖ్యానాలు విన్నాను. ఒక హరికథలో అయితే రాముడికి సీతమ్మ పెట్టిన తురాయి కనుక కలికితురాయి అన్నారు. పందిట్లో బాగుంటుంది, నిఘంటువులో నిలవదు. కల్గీ అంటే తలపాగాలో గుచ్చే ఈకల కుచ్చు, తుర్రా అంటే జలతారు కుచ్చు. రెండూ తుర్కీ, పారశీ దర్బారుల నుంచి దిగినవి. మరాఠీవాళ్ళు ఇప్పటికీ 'కల్గీ తురా' అని జంటగానే అంటారు. మనవాళ్ళు కల్గీని కలికి చేసి తెలుగు చీర కట్టారు. దీన్నిబట్టి గోపన్న రాముడికి చేయించిందేమిటి? వాల్మీకి చెప్పిన కిరీటం కాదు, గోల్కొండ దర్బారులో అమీరు పెట్టుకునే తలపాగా సింగారం. నవాబు డబ్బుతో దేవుణ్ణి నవాబులా అలంకరించి, అదే నవాబు జైల్లో కూర్చుని 'నీవు కులుకుచు తిరిగేవు ఎవరబ్బ సొమ్మని' అంటున్నాడు. సొమ్ము అంటే డబ్బు, నగ కూడా. ఒంటి మీద సొమ్ము, ఎవరి సొమ్ము? పల్లెల్లో పశువుల్నీ సొమ్ములనేవారు గానీ ఇక్కడ వాటితో పని లేదు.

ఇక మీ అసలు సందేహం. తర్వాతి చరణం 'నీ తండ్రి దశరథ మహారాజు పెట్టెనా, లేక నీ మామ జనక మహారాజు పంపెనా'. గమనించండి, ఎవరిదో తెలియనప్పుడు అబ్బ అన్నాడు. పేరు పెట్టి అడగవలసి వచ్చేసరికి తండ్రి అన్నాడు, మహారాజు అన్నాడు. కోపంలోనూ ఉద్యోగి మర్యాద పోలేదు. నీ అబ్బ అనలేదు, ఎవరబ్బ అన్నాడు. అప్పుడు వస్తుంది ఆ చివరి మాట:

అబ్బ తిట్టితినని ఆయాసపడవద్దు రామచంద్రా
ఈ దెబ్బలకోర్వక అబ్బ తిట్టితినయ్య రామచంద్రా

అబ్బకు ఆయాసంతో యతి, అబ్బకు దెబ్బతో చెలిమి. ఇంత బిగువుగా కట్టిన మాటను విడదీసి అర్థం చెప్పడమే కష్టం.

తిట్టిన మాటేనంటే, అబ్బ కర్మ అవుతుంది: 'తండ్రిని తిట్టానని బాధపడకు'. పైన ఎవరబ్బ అన్నాడు కాబట్టి దానికే ఈ క్షమాపణ అని అన్వయం కుదురుతుంది. కానీ అబ్బ మనిషి. 'పుస్తకం చదివాను' అన్నట్టు 'అబ్బ తిట్టాను' అనం, 'అబ్బను' అనాలి. పాటలో విభక్తి రాల్చే స్వేచ్ఛ ఉందంటే ఉంది, కాదనలేను. నొప్పి మాటేనంటే, 'దెబ్బలకోర్వక' అన్నది పక్కనే నిలబడి సాక్ష్యం చెబుతోంది: కొరడా పడింది, అబ్బా అన్నాడు, తిట్టాడు. అయితే ఆ మొదటి పాదంలో దెబ్బ లేదే! దెబ్బ పడకముందే అబ్బా ఎందుకన్నాడు?

నా చిన్నతనంలో రామతీర్థం దగ్గర మా ఊరి పందిట్లో ఒక ముసలాయన ఈ కీర్తన పాడేవాడు. పెట్రోమాక్సు లైటు చుట్టూ పురుగులు, వెనక గంగాళంలో మిరియాల పానకం. 'ఈ దెబ్బలకోర్వక' దాకా వచ్చి చిడతలు ఆపేసేవాడు. మేమందరం ఆగేవాళ్ళం. 'అబ్బా' అన్నది పాడేవాడు కాదు, అనేవాడు. నడుం పట్టేసిన మనిషి గట్టు దిగుతూ అన్నట్టు. తర్వాత చాలా చిన్న గొంతుతో 'తిట్టితినయ్య'. ఆయన తమ్ముడు మృదంగం. పాట అయ్యాక పానకం గ్లాసు పట్టుకుని రోజూ ఒకటే గొడవ: 'దెబ్బకు అరిస్తే తప్పేముంది, దానికి క్షమాపణ ఎందుకు? తండ్రినన్నాడు కాబట్టే అడుగుతున్నాడు.' అన్నగారు 'నీకు దెబ్బలు తగల్లేదు గనక' అనేవాడు. ఇద్దరూ పోయారు. తగువు నాకు మిగిలింది.

నన్ను తీర్పు చెప్పమంటే రూపాయిలో పదణాలు నొప్పికి, ఆరణాలు తిట్టుకు ఇస్తాను. పైన ఎవరబ్బ అని అదిలించిన నోటి నుంచే, దెబ్బ పడగానే, అదే మాట ఏడుపుగా వచ్చింది. ఒకసారి ఇంకొకరి తండ్రి, ఒకసారి తన తండ్రి. గోపన్న దీన్ని కావాలని చేశాడా, నోటికి వచ్చిందా అంటే చెప్పలేను. కావాలని చేసి ఉంటేనే నాకు ఇష్టం. మీ పుస్తకాల సంగతికొస్తే, రెంటినీ ఉంచండి. దీర్ఘం తీసి ఒక్క క్షణం ఆగితే నొప్పి, ఆగకుండా 'అబ్బతిట్టితిని' అని కలిపేస్తే తిట్టు. మీ గొంతు మీ ఇష్టం. నేనైతే ఆగుతాను.

ఆయాసపడటం అంటే ఇక్కడ రొప్పడం కాదు, నొచ్చుకోవడం. ఆస్పత్రులు వచ్చాక ఆయాసం ఊపిరితిత్తులకే పరిమితమైంది. ఓర్వక అంటే తట్టుకోలేక. ఇప్పుడు 'ఓర్వలేక' అంటే పక్కింటివాడు కారు కొన్నప్పుడు మనకు కలిగేదేనని మా కాలనీ పిల్లలు గట్టిగా వాదించారు. దెబ్బలకు ఓర్చుకోవడం పోయి, ఎదుటివాడి సుఖానికి ఓర్చుకోవడమే మిగిలిందన్నమాట మాటకు పని.

ఎవరబ్బ, ఎవడబ్బ విషయం: ఎవరి అబ్బ ఎవరబ్బ. కీర్తనలో అదే ఉంచండి. ఎవడబ్బ అన్నది 'ఎవడి' నుంచి వచ్చిన నేటి వాడుక, తప్పని అనను, మొరటుది అంటాను. పేపర్లలో, మీటింగుల్లో 'ఎవడబ్బ సొమ్ము' అని పెద్దక్షరాలతో వేసేవాళ్ళు అది రామదాసు మాట అనుకుంటారు. కాదు. ఆయన దేవుడితో మాట్లాడుతూ డకారం వాడలేదు. మీ మనవడు పెన్సిలు దొంగతో కూడా ఎవరబ్బ అనే అన్నాడని మీరే రాశారు. వాడి పెంపకం బాగుంది.

అబ్బడం అనే క్రియ (చదువు అబ్బలేదు), అబ్బురం అనే మాట వేరే కొమ్మలు, వాటిని దీనికి తగిలించకండి. ఉర్దూవాళ్ళ అబ్బా అరబ్బీ నుంచి వచ్చింది, మనదానికి చుట్టం కాదు, పోలిక మాత్రమే. కాకపోతే ఒక్కటి. ఆ కొట్టు బయట కాపలా ఉన్న దక్కనీ సిపాయికి లోపలి నుంచి 'అబ్బా' అని వినిపిస్తే వాడికీ అది తండ్రి పేరుగానే వినిపించి ఉంటుంది. వాళ్ళ నవాబు కూడా 1687లో గోల్కొండ పోగొట్టుకుని, ఔరంగజేబు చేతికి చిక్కి, దౌలతాబాదు కోటలో ఖైదీగానే పోయాడు. ఆయన ఎవరిని పిలిచాడో!

క్లాసులో ఆ మాట అనొచ్చా అంటారా? పందిట్లో తప్పు కాదు, ఇంట్లో తప్పు కాదు. క్లాసులో టీచరు చెవికి ఏది తప్పో అది తప్పు, అది భాషాశాస్త్రం చేతిలో లేదు. 'నాది నాకియ్యి' అనమని చెప్పండి, పెన్సిలు అప్పుడూ వస్తుంది.

డైరీ మాటకొస్తే, పెద్ద ఉత్తరం ఏమీ రాయకండి. 'అబ్బాయి' అన్న మాట కింద ఒక చిన్న గీత గీసి, సంతకం పెట్టి పంపండి.